క్లికబుల్, క్లికబుల్, క్లికబుల్

ఆ రోజు మావయ్య తెనాలి తిరిగి వెళ్ళాలి. బస్సు టికెట్ నేను తీస్తానంటే ఒప్పుకోలేదు. "నువ్వు పనిచేసిన సైటేగా అమ్మాయ్, ఎట్లా చేశావో నేనూ చూస్తాను" అని ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇయర్‌ఫోన్స్ ఇవ్వబోతే వద్దన్నాడు. "నువ్వు కూడా విను."

మావయ్య తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. నీటికాసుల జబ్బుతో, అంటే గ్లకోమాతో, చూపు పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆ జబ్బు దొంగ లాంటిది. ముందు పక్క చూపును పట్టుకుపోతుంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి ఇంట్లో దొంగ పడ్డాడని మనిషికి తెలియదు. ఈయనకు తెలిసేసరికి స్కూటర్ రెండుసార్లు గుద్దాడు, మూడోసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. పోయింది తిరిగి రాదని చెప్పాక కొన్నాళ్ళు గదిలోంచి బయటికి రాలేదు. తర్వాత హైదరాబాద్ వచ్చి, చూపు తగ్గినవాళ్ళకు శిక్షణ ఇచ్చే ఒక కేంద్రంలో నెల రోజులుండి కంప్యూటర్ నేర్చుకున్నాడు. అక్కడే ఆయనకు ఎన్‌వీడీఏ పరిచయమైంది. కంప్యూటర్‌లో ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అది.

ఊళ్ళు, తేదీ ఎలాగో తంటాలు పడి ఎంచుకున్నాడు. సీట్ల పేజీ వచ్చింది. కింది బాణం నొక్కాడు. కంప్యూటర్ "క్లికబుల్" అంది. మళ్ళీ నొక్కాడు. "క్లికబుల్." మళ్ళీ. "క్లికబుల్." అలా 36 సార్లు. నంబరు లేదు, కిటికీ లేదు, ఖాళీనో కాదో లేదు, ధర లేదు. ఆయన ఏమీ అనకుండా చివరిదాకా నొక్కుకుంటూ వెళ్ళాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇది బస్సా, గొర్రెల మందా? అన్నీ ఒకటే కూత కూస్తున్నాయి" అన్నాడు.

ఆ పేజీ నేను రాసిందే. ఆకుపచ్చ అంటే ఖాళీ, బూడిద రంగు అంటే అమ్ముడుపోయింది, గులాబీ రంగు అంటే ఆడవాళ్ళకు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. క్లయింట్ మెచ్చుకున్నాడు కూడా. కానీ కోడ్‌లో ఎక్కడా "సీటు" అనే మాట లేదు. మీద రంగు పూసి, నొక్కితే పనిచేసేలా చేసిన ఖాళీ డబ్బాలు అవి. కళ్ళున్నవాడు ఆ రంగును చూసి సీటు అని ఊహించుకుంటాడు. ఊహించుకోవడానికి మావయ్యకు నేను ఇచ్చింది ఏమీ లేదు.

స్క్రీన్ రీడర్ అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అది తెరను చూడదు. తెర వెనక మనం రాసిన నిర్మాణాన్ని చదువుతుంది. ఇది శీర్షిక, ఇది లింకు, ఇది బటన్ అని మనం చెబితే అదీ చెబుతుంది. మనం చెప్పకపోతే దానికీ తెలియదు. అలవాటైనవాళ్ళు పేజీని మొదటినుంచి చివరిదాకా వినరు. హెచ్ అక్షరం నొక్కి శీర్షికల మీద, బి నొక్కి బటన్ల మీద, టి నొక్కి పట్టికల మీద గెంతుతూ పోతారు. మనం పేపర్ తిరగేస్తూ హెడ్డింగులు చూసుకుంటూ పోతామే, అట్లాగే. ఆ మాట వేగం కూడా మామూలుగా ఉండదు. మావయ్య పెట్టుకునే వేగంలో నాకు నాలుగు మాటల్లో ఒకటి అర్థమవుతుంది.

ఎన్‌వీడీఏ వెనక కథ కూడా చెప్పాలి. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే కుర్రాడు మొదలుపెట్టాడు. అతనికీ చూపు లేదు. అప్పట్లో పేరున్న స్క్రీన్ రీడర్ కొనాలంటే దాదాపు వెయ్యి డాలర్లు. చూపున్నవాడికి మానిటర్ కంప్యూటర్‌తోపాటే వస్తుంటే, చూపులేనివాడు కంప్యూటర్ ఖరీదును మించి ఇంకో ఖర్చు ఎందుకు పెట్టాలన్నది అతని ప్రశ్న. తర్వాత జేమ్స్ టె అనే మరో చూపులేని ప్రోగ్రామర్ తోడయ్యాడు. ఇప్పటికీ అది ఉచితం. తెనాలిలో ఒక రిటైర్డ్ మాస్టారు పైసా పెట్టకుండా దాన్ని వాడుకుంటున్నాడు. వాళ్ళ పని వాళ్ళు చేశారు. మిగిలింది నాలాంటివాళ్ళ పని.

ఆ రోజు తర్వాత నాకు ఒక విషయం పట్టుకుంది. మన సైట్లు, మన యాప్‌లు చూపులేనివాళ్ళను ఆపుతున్న చోట్లన్నీ గమనిస్తే, పెద్ద సాంకేతిక చిక్కులు కనిపించవు. చాలాచోట్ల జరిగిన తప్పు ఒక్కటే: మాట ఉండాల్సిన చోట బొమ్మ పెట్టాం. సీటు అనే మాట బదులు రంగు డబ్బా. వెతుకు అనే మాట బదులు భూతద్దం గుర్తు. నోటీసు బదులు నోటీసు ఫోటో. ఇది మనం తెలుగువాళ్ళం అందరికంటే కాస్త ఎక్కువే చేస్తాం. ఎందుకో తర్వాత చెబుతాను.

సోమవారం ఆఫీసుకెళ్ళి మా మేనేజర్‌కి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. "నిజమే, బాధాకరమే. కానీ మన యూజర్లలో అలాంటివాళ్ళు ఎంతమంది? డేటా ఉందా?" అన్నాడు. డేటా చూశాను. సున్నా. ఎందుకు సున్నా? స్క్రీన్ రీడర్ వాడుతున్నట్టు బ్రౌజర్ సైటుకి చెప్పదు. అది మనిషి సొంత విషయం, చెప్పకపోవడమే సరైంది. పైగా సీట్ల పేజీలోనే ఆగిపోయినవాడు టికెట్ కొన్నవాళ్ళ లెక్కలోకి ఎలా వస్తాడు? గేటుకు తాళం వేసి, ఎవరూ లోపలికి రావట్లేదు కాబట్టి తాళం తియ్యక్కర్లేదని తేల్చినట్టుంది. 2011 జనాభా లెక్కల్లో చూపు లోపం ఉన్నవాళ్ళు దేశంలో 50 లక్షల పైచిలుకు. ఆ అంకె చూపిస్తే ఆయన తలాడించి, "సరే, వచ్చే క్వార్టర్ చూద్దాం" అన్నాడు. వచ్చే క్వార్టర్ అంటే మా భాషలో ఎప్పుడో అందరికీ తెలుసు.

నేను ఆ వారం రెండు సాయంత్రాలు కూర్చుని చేసేశాను. గొప్ప పనేం కాదు. డబ్బాలు తీసేసి నిజమైన బటన్లు పెట్టాను. ఒక్కోదానికి పేరు రాశాను: "సీటు 12, కిటికీ పక్క, ఖాళీ, 650 రూపాయలు." రంగులు రంగుల్లాగే ఉన్నాయి, డిజైన్ గీత కూడా మారలేదు. మావయ్యకు ఫోన్ చేసి చూడమన్నాను. "ఇప్పుడు బస్సులా ఉంది" అన్నాడు. మార్కులివ్వడంలో ఆయన మొదటినుంచీ పిసినారి.

నెల తర్వాత అనుకోనిది జరిగింది. టికెట్ బుకింగ్ కౌంటర్లు నడిపే ఏజెంట్లనుంచి మెచ్చుకుంటూ కబురొచ్చింది. వాళ్ళకు మౌస్ పట్టుకునే తీరిక ఉండదు. ఎదురుగా మనిషి నిలబడి తొందరపెడుతుంటాడు. నిజమైన బటన్లు పెట్టాక ట్యాబ్, ఎంటర్‌తోనే సీటు దొరుకుతోందట, పని చకచకా అవుతోందట. మేనేజర్ దాన్ని మీటింగులో కంపెనీ ఘనతగా చెప్పుకున్నాడు. చెప్పుకోనీ. కానీ ఈ కథను నేను వాదనగా వాడను. "అందరికీ లాభం కాబట్టి చేద్దాం" అనడంలో ఒక తిరకాసుంది. రేపు ఇంకెవరికీ లాభం లేని, ఒక్క మావయ్యకే పనికొచ్చే మార్పు వస్తే? అదీ చెయ్యాల్సిందే.

ఖర్చు సంగతి వస్తే నాకు ఎప్పుడూ సిడ్నీ ఒలింపిక్స్ గుర్తొస్తుంది. 1999లో బ్రూస్ మగ్వైర్ అనే చూపులేని వ్యక్తి ఒలింపిక్స్ వెబ్‌సైట్ మీద ఆస్ట్రేలియా మానవ హక్కుల సంఘానికి ఫిర్యాదు చేశాడు. ఆయన కోరినవి చిన్నవి. బొమ్మలకు వివరణ మాటలు రాయండి, ఆటల షెడ్యూలులోంచి ఒక్కో క్రీడకు వెళ్ళే దారి ఇవ్వండి, ఫలితాల పట్టికలు చదవగలిగేలా చెయ్యండి. నిర్వాహకులు అది కుదరదన్నారు, 20 లక్షల డాలర్ల పైన ఖర్చవుతుందన్నారు. నిపుణులు వచ్చి లెక్కేస్తే అది కొద్ది వారాల పనని తేలింది. సంఘం 2000లో తీర్పిచ్చింది. నిర్వాహకులు పూర్తిగా అమలు చెయ్యకపోవడంతో 20,000 ఆస్ట్రేలియన్ డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. అప్పటికే, అంటే 1999 మే నెలలోనే, వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ, వైకల్యం ఉన్నవాళ్ళు కూడా సైట్లు వాడుకోగలిగేలా వెబ్ సౌలభ్య మార్గదర్శకాల మొదటి కూర్పు విడుదల చేసింది. అందులో మొట్టమొదటి నియమమే బొమ్మకు బదులు మాట ఇవ్వమని. ఆ తర్వాత 2008లో, 2018లో, 2023లో కొత్త కూర్పులు వచ్చాయి. ఆ మొదటి నియమం ఇప్పటికీ అలాగే ఉంది, మనమూ అలాగే ఉన్నాం. వెబ్‌ఎయిమ్ అనే అమెరికా సంస్థ ప్రతి ఏడాదీ పది లక్షల హోమ్ పేజీలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2025లో 94.8 శాతం పేజీల్లో కనీసం ఒక లోపం దొరికింది. యంత్రం పట్టగలిగినవే అవి. నా సీట్ల పేజీ లాంటివి యంత్రానికి చిక్కకుండా జారిపోయే అవకాశం కూడా ఉంది.

"ఇంట్లోవాళ్ళు సాయం చేస్తారు కదా" అనేది ఇంకో మాట. మంచివాళ్ళే అంటారు ఇది, ఆప్యాయంగా అంటారు. దీని దగ్గర కాస్త ఆగాలి.

మావయ్య చూపు పోయిన మొదటి రెండేళ్ళు బ్యాంకు పనంతా పక్కింటి కుర్రాడు చేసేవాడు. మంచి కుర్రాడు, ఒక్క రూపాయి అటూఇటూ చెయ్యలేదు. కానీ మావయ్య పాస్‌వర్డ్ వాడికి తెలుసు. ఓటీపీ వస్తే ఫోన్ వాడి చేతికివ్వాలి. ఖాతాలో ఎంతుందో, కూతురికి ఎంత పంపాడో, ఏ చెల్లెలికి చేబదులిచ్చాడో వీధికంతా కాకపోయినా ఆ ఇంటికి తెలుసు. ఒకసారి అత్తయ్యకు తెలియకుండా ఆమె పుట్టినరోజుకు గొలుసు కొందామనుకున్నాడట. డబ్బు పంపాలంటే కుర్రాడిని పిలవాలి. కుర్రాడు వాళ్ళమ్మకు చెబుతాడు, వాళ్ళమ్మ పంపు దగ్గర అత్తయ్యకు చెబుతుంది. మానుకున్నాడు. ఈ సంగతి నాకు చెప్పేటప్పుడు నవ్వుతూనే చెప్పాడు. నలభై ఏళ్ళు సంసారం చేసిన మనిషికి భార్య దగ్గర చిన్న గుట్టు దాచుకునే వీలు కూడా లేకపోవడం నాకు నవ్వులాటగా అనిపించలేదు.

అందుకే పాస్‌వర్డ్ పెట్టెలో పేస్ట్ చెయ్యనివ్వని సైట్లన్నా, ప్రతిసారీ అంకెల స్థానాలు మార్చే తెర మీద కీబోర్డులన్నా నాకు ఒళ్ళు మంట. భద్రత కోసమట. పక్కింటి కుర్రాడికి పాస్‌వర్డ్ చెప్పించడం ఏ రకం భద్రత? 2023లో వచ్చిన డబ్ల్యూ3సీ కూర్పు, 2.2, ఈ విషయంలో తెలివైన పని చేసింది. లాగిన్ కావడానికి మనిషి గుర్తుపెట్టుకుని తీరాలని, పజిల్ విప్పి తీరాలని పట్టుబట్టకూడదు, పాస్‌వర్డ్ మేనేజర్‌నుంచి పేస్ట్ చెయ్యనివ్వాలి అంది. వంకర అక్షరాల క్యాప్చాలు "నువ్వు మనిషివేనా?" అని అడుగుతాయి. చూపులేనివాడు జవాబు చెప్పలేకపోతే ఏమని తేలుస్తున్నట్టు?

ఇప్పుడు తెలుగు సంగతి. నాకు ఎక్కువ కోపం ఉన్నది ఇక్కడే.

మావయ్య తెలుగు పుస్తకాల పురుగు. చూపు పోయాక ఆయనకు అన్నిటికంటే పెద్ద దెబ్బ అదే. ఎవరో ఆయనకు మంచి వ్యాసాల పీడీఎఫ్ ఒకటి పంపారు. తెరిచాడు. కంప్యూటర్ చదవడం మొదలుపెట్టింది: "యాంపర్సాండ్, వై, ప్లస్, క్యాపిటల్ జెడ్, స్లాష్..." కంప్యూటర్ పాడైందేమోనని నాకు ఫోన్ చేశాడు. కంప్యూటర్ బాగానే ఉంది. ఆ పీడీఎఫ్‌లో ఉన్నది తెలుగు కాదు, తెలుగు వేషం వేసుకున్న ఇంగ్లిష్.

డీటీపీ, అంటే అచ్చు కోసం కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని, తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో ఒక్కో సొంత గుర్తు కేటాయించే ప్రమాణం యూనికోడ్. తెలుగుకు దాని మొదటి కూర్పులోనే, 1991లోనే, చోటు దొరికింది. కానీ దాన్ని సరిగ్గా చూపించే సాఫ్ట్‌వేర్లు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా పని ఆగకూడదని మనవాళ్ళు ఒక ఉపాయం చేశారు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టి ఫాంట్లు చేశారు. అను ఫాంట్లు అలాంటివే. ఆ ఉపాయం లేకపోతే తొంభైల్లో తెలుగు పుస్తకాలు, పత్రికలు అంత వేగంగా అచ్చయ్యేవి కావు, ఆ మేలు మరిచిపోకూడదు. కాగితం మీద అచ్చుకు అది చాలు. కానీ ఆ ఫైలులో మీకు "అ"లా కనిపించేది లోపల ఇంకేదో ఇంగ్లిష్ గుర్తు. కన్ను ఆకారాన్ని చూస్తుంది, స్క్రీన్ రీడర్ లోపలి గుర్తును చదువుతుంది. యూనికోడ్ వచ్చి ఇన్నేళ్ళయినా ఇంకా ఆ ఫైళ్ళే తయారవుతున్నాయి, అవే నెట్‌లోకి ఎక్కుతున్నాయి. అలా ఎక్కినదాన్ని గూగుల్‌లో వెతికినా దొరకదు, కాపీ చేస్తే చెత్త వస్తుంది, చెవికి అసలే అందదు.

యూనికోడ్‌లో టైపు చేసినా పీడీఎఫ్ చేసేటప్పుడు జాగ్రత్త పడకపోతే మళ్ళీ గోల. ఒత్తు ఒకచోట, గుడి ఇంకోచోట పడి, "విద్యార్థి" కాస్తా ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. మావయ్య దాన్ని "పక్షవాతం వచ్చిన తెలుగు" అంటాడు. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే ఆ మాత్రం కూడా లేదు. నిశ్శబ్దమే.

ఇక అన్నిటికీ పెద్దన్న జేపీజీ, అంటే బొమ్మ ఫైలు. ఊళ్ళో నీళ్ళు రావన్న నోటీసు జేపీజీ. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు జేపీజీ. బడి సెలవులు, గుడి ఉత్సవాలు, పెళ్ళి శుభలేఖ, చావు కబురు, అన్నీ జేపీజీ. ఫోన్‌లో తెలుగు టైపు చెయ్యడం కష్టంగా ఉన్న రోజుల్లో, అవతలివాడి ఫోన్‌లో తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుందేమోనన్న భయంతో మొదలైన అలవాటిది. పదేళ్ళ కిందటి మాట. ఇప్పుడు ఏ చిన్న ఫోన్‌లోనైనా తెలుగు చక్కగా కనిపిస్తుంది, నోటితో చెబితే టైపు కూడా అవుతుంది. భయం పోయింది, అలవాటు పోలేదు. తెలుగు అక్షరాన్ని మనం ఇప్పటికీ ముగ్గులా చూస్తున్నాం. అందంగా గీయాలి, చుట్టూ పూలు పెట్టాలి, ఫోటో తియ్యాలి.

"ఇప్పుడు ఏఐ ఉందిగా, బొమ్మలో అక్షరాలు అదే చదివేస్తుంది" అని మా టీమ్‌లో ఒక కుర్రాడు అన్నాడు. నిజమే, చదువుతుంది. మావయ్య కూడా ఫోన్ కెమెరాతో మందుల డబ్బా చదివించుకుంటాడు, అది ఆయనకు నిజంగా వరం. కానీ మందుల డబ్బా వేరు, నోటీసు వేరు. నోటీసును ఎవరో మొదట అక్షరాలుగానే టైపు చేశారు. దాన్ని బొమ్మ చేసి, ఆ బొమ్మలోంచి అక్షరాలు ఊహించమని ఇంకో యంత్రానికి ఇవ్వడం, బియ్యం పిండి కొట్టించి మళ్ళీ గింజలు చెయ్యమన్నట్టుంది. ఆ ఊహలో 3 కాస్తా 8 అయితే? తారీఖు దగ్గరా డబ్బు దగ్గరా "చాలావరకు సరిగ్గా" అంటే కుదరదు.

తెలుగు రాసినచోట కూడా ఇది తెలుగు అని పేజీలో ఒక్క మాట చెప్పాలి. భాష గుర్తు అంటాం మేం, కోడ్ మొదటి వరుసలో పెట్టే చిన్న ముక్క. అది ఉంటే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుకు మారుతుంది. లేకపోతే ఇంగ్లిష్ గొంతే నెట్టుకొస్తుంది. కొన్ని గొంతులు తెలుగు అక్షరం రాగానే మూగబోతాయి. తెలుగును ఇంగ్లిష్ లిపిలో రాసే వాట్సాప్ భాష సంగతి సరేసరి. మా తమ్ముడి మెసేజ్‌లు వింటే ఎవరో తెల్లదొర తాగి తెలుగు మాట్లాడినట్టు ఉంటుందని మావయ్య అంటాడు.

చూపు పూర్తిగా పోనివాళ్ళ గురించి ఎవరూ పట్టించుకోరు. నిజానికి వాళ్ళు చాలా మంది. అక్షరం పెద్దది చేసుకుని, ఫోన్ ముక్కుకు ఆనించుకుని చదివేవాళ్ళు. వాళ్ళ కోసం ఒక లెక్కుంది: మామూలు అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కి 1 ఉండాలి. తెల్లటి పేజీ మీద లేత బూడిద అక్షరాలు పెట్టే మా డిజైనర్లకు ఈ లెక్క అంటే గిట్టదు. ఇంగ్లిష్‌లో అక్షరం మసకగా ఉన్నా మాట పోలికనుబట్టి లాక్కురావచ్చేమో. తెలుగులో "ద"కీ "ధ"కీ తేడా ఒక్క చిన్న గీత. "ప"కీ "ఫ"కీ అంతే. ఆ గీత మసకలో కలిసిపోతే అర్థమే మారిపోతుంది. ఇంకో దారుణం ఉంది. ఇంగ్లిష్ కొలతలతో వరుసల మధ్య ఎడం పెట్టి, అందులో తెలుగు పోస్తారు. కింద ఒత్తులు తెగిపోతాయి, పైన గుడి దీర్ఘాలు పై వరుసలో దూరతాయి. అక్షరాన్ని రెట్టింపు చేసి చూడండి మీ సైటులో. అది చూశాక మీకే తెలుస్తుంది.

చట్టం లేదా అంటే ఉంది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం వెబ్‌సైట్లకూ, సేవలకూ వర్తిస్తుంది, ప్రైవేటు వాళ్ళకు కూడా. ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా. మా క్లయింట్ లోగోకు పెట్టిన ఖర్చులో అది చిల్లర. చట్టం "తప్పక చెయ్యాలి" అంటుంటే, దాని కింద 2017లో రాసిన నియమాలేమో సలహాల్లాంటి మార్గదర్శకాలను చూపించి ఊరుకున్నాయి. రాజీవ్ రాతూరి అనే చూపులేని వ్యక్తి 2005లో వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఈ లొసుగును పట్టుకుంది. 15వ నియమంలోని ఆ భాగం చట్టానికే విరుద్ధమని కొట్టేసి, మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమంది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన నివేదిక మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం తయారుచేసిందే. ఇంత దగ్గర్లో ఇంత పని జరుగుతుంటే, అదే ఊళ్ళో పదేళ్ళుగా వెబ్‌సైట్లు రాస్తున్న నాకు ఆ పేరే తెలియదు.

2025 ఏప్రిల్ 30 తీర్పు ఇంకా దగ్గరగా తగిలింది. యాసిడ్ దాడికి గురైన ప్రజ్ఞా ప్రసూన్ బ్యాంకు ఖాతా తెరవబోతే, కెమెరా ముందు కళ్ళు ఆర్పి చూపించమన్నారు. ఆమె ఆర్పలేరు. చూపులేని న్యాయవాది అమర్ జైన్ కూడా ఇలాంటి కేవైసీ ఇబ్బందుల మీదే కోర్టుకెళ్ళారు. రెండు పిటిషన్లూ కలిపి విన్న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పి 20 ఆదేశాలిచ్చింది. ఆ వార్త చదివినప్పుడు మావయ్య కేవైసీ గుర్తొచ్చింది. ఒక యాప్ ఆయన్ని ముఖం వలయంలో పెట్టమంది. వలయం ఎక్కడుందో చెప్పలేదు. అరగంట పాటు అత్తయ్య ఆయన గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. పెళ్ళిచూపుల్లో కూడా నా మొహం ఇంతసేపు ఎవరూ చూడలేదన్నాడు.

"దివ్యాంగులు" అన్న మాట ఆయనకు నచ్చదు. 2015 చివర్లో ప్రధాని సూచించాక ప్రభుత్వ కాగితాల్లో అదే వాడుతున్నారు. "దివ్యమేముందమ్మా ఇందులో. పేరు ఏదైనా పెట్టుకోండి, ఫారం తెరుచుకుంటే చాలు" అంటాడు. తెలుగు మాస్టారు కాబట్టి పేర్ల మీద ఆయనకు ఇంకా చాలా అభిప్రాయాలున్నాయి, అవి ఇక్కడ అప్రస్తుతం.

ఈ మధ్య అడ్డదారి ఒకటి బయల్దేరింది. సైటు మూలన చిన్న మనిషి బొమ్మ ఉంటుంది. నొక్కితే అక్షరం పెద్దదవుతుంది, రంగులు మారతాయి. ఒక్క వరుస కోడ్ అతికిస్తే చాలు, సైటు మొత్తం సులభమైపోతుందని అమ్ముతారు. మా క్లయింటొకడు కొన్నాడు కూడా. అలాంటిది అమ్మే యాక్సెసీబీ అనే కంపెనీ మీద, తప్పుడు ప్రచారం చేసిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో చర్య తీసుకుంది, పది లక్షల డాలర్లు కట్టించింది. నా ఖాళీ డబ్బాల మీద ఆ వరుస కోడ్ అతికించినా, ఏ డబ్బా ఎన్నో నంబరు సీటో దానికి ఎలా తెలుస్తుంది? నాకు తెలిసి నేను రాయని మాట అది ఎక్కడినుంచి తెస్తుంది?

నేను ఇప్పుడు చేస్తున్నది చిన్నదే. ఏ పేజీ రాసినా ఒకసారి మౌస్ పక్కన పెట్టి ట్యాబ్‌తో నడుస్తాను. తర్వాత తెర వెలుగు సున్నాకి దించేసి ఎన్‌వీడీఏతో వింటాను. మొదటిసారి చేసినప్పుడు మూడు నిమిషాలకే తల తిరిగింది. కొత్తగా చేరిన పిల్లలతో కూడా మొదటి వారంలోనే చేయిస్తాను. బొమ్మకు వివరణ ఎలా రాయాలని వాళ్ళు అడుగుతారు. ఫోన్‌లో ఆ పేజీ ఎవరికైనా చదివి వినిపిస్తున్నావనుకో, ఆ బొమ్మ దగ్గర ఏం చెబుతావో అది రాయి అంటాను. ఏమీ చెప్పకుండా దాటేసే అలంకారమైతే ఖాళీ వివరణ పెట్టు, స్క్రీన్ రీడర్ కూడా దాటేస్తుంది. ఫైలు పేరు మాత్రం వదిలెయ్యకు. "ఐఎంజీ అండర్‌స్కోర్ 20240113" అని వినడంకంటే విసుగు ఇంకోటి లేదు.

పోయిన నెల మా పెద్దన్నయ్య కూతురికి పెళ్ళి కుదిరింది. కుటుంబం గ్రూపులో శుభలేఖ వచ్చింది. అరటి ఆకులు, ఏనుగులు, బంగారు రంగు అక్షరాలు. జేపీజీ. వంద దండాలు, వంద పూలు పడ్డాయి కింద. మావయ్య దగ్గర్నుంచి చప్పుడు లేదు. నేను కూర్చుని శుభలేఖలో ఉన్నది ఉన్నట్టు, మొదటి శ్లోకంనుంచి విందు వేళ వరకు, మొత్తం టైపు చేసి గ్రూపులో పెట్టాను.

అయిదు నిమిషాల్లో మావయ్య ఫోన్.

"ముహూర్తం తెల్లవారుజామున పెట్టారేమిటమ్మా, నేను ముందు రోజే బయల్దేరాలి. సరేగానీ, 'అహ్వానం' అని పడింది. నువ్వు తప్పు కొట్టావా, కార్డులోనే అట్లా ఉందా?"

చూశాను. కార్డులోనే అలా ఉంది. రెండు వందల మంది చూశారు, ఒక్కరూ పట్టుకోలేదు.

"అచ్చుకు ఇచ్చేశారా?"

"ఇంకా లేదనుకుంటా మావయ్యా."

"అయితే దీర్ఘం పెట్టమను."